ముగ్గురు, మూడు చోట్లు, ఒక ఆల్బమ్: బ్లాటెడ్ సైన్స్ తొలి రికార్డు ఎలా తయారైంది?

[తెరపై: అమెరికా పటం. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో, ఫ్లోరిడాలో టాంపా వెలుగుతాయి.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఈ వీడియోలో 2007లో వెలువడిన 'ద మెషినేషన్స్ ఆఫ్ డిమెన్షియా' అనే ఆల్బమ్ గురించి చెప్పుకుందాం. దీన్ని చేసిన బృందం పేరు బ్లాటెడ్ సైన్స్. ఇందులో గిటార్ వాయించిన రాన్ జార్జోంబెక్ శాన్ ఆంటోనియోవాసి. వాచ్‌టవర్, స్పాస్టిక్ ఇంక్ బృందాల ద్వారా ప్రోగ్రెసివ్ మెటల్ (లయలు, నిర్మాణం జటిలంగా ఉండే హెవీ మెటల్ రాక్ సంగీతం) శ్రోతలకు అప్పటికే చిరపరిచితుడు. బేస్ (మంద్రస్వరాల గిటార్) వాయించిన అలెక్స్ వెబ్‌స్టర్, టాంపాలో స్థిరపడిన డెత్ మెటల్ (మెటల్‌లో మరింత కరకైన శైలి) బృందం కానిబాల్ కార్ప్స్ వ్యవస్థాపకుల్లో ఒకరు. డ్రమ్స్ వాయించిన చార్లీ జెలెనీ అంతకుముందు న్యూయార్క్ బృందమైన బిహోల్డ్ ద ఆర్క్టోపస్‌లో పనిచేశారు. ఎవరి చోట వారు రికార్డ్ చేసి, ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు పంపుకొంటూ ఈ ఆల్బమ్‌ను పూర్తిచేశారు. ఇందులో 16 రచనలున్నాయి, గాత్రం మాత్రం ఎక్కడా లేదు. నిద్రలేమి, మతిమరుపు, పీడకలలు, మెదడులో రక్తస్రావం వంటి విషయాల నుంచే రచనలకు పేర్లు పెట్టారు.

దూరంగా ఉండి సంగీతం చేయడం ఈనాడు వింత కాదు. అయినా ఈ ఆల్బమ్‌ను ప్రత్యేకంగా తీసుకోవడానికి కారణముంది: దీన్ని రచించిన పద్ధతిలోనే దూరం నుంచి పనిచేసే వీలు ఇమిడి ఉంది. అది తెలియాలంటే ముందు దూరం తెచ్చే చిక్కు ఏమిటో చూడాలి.

[తెరపై: నిమిషానికి 200 బీట్ల వేగంతో మెట్రోనోమ్ (లయను టిక్కు టిక్కుమని కొట్టే పరికరం). ఒక్కో బీటు నాలుగు భాగాలుగా విడిపోతుంది.]

వ్యాఖ్యానం: నిమిషానికి 200 బీట్ల వేగంతో ఒక రచన నడుస్తోందనుకుందాం. ఒక్కో బీటులో నాలుగు దెబ్బలు పడితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి 75 మిల్లీసెకన్లు. శాన్ ఆంటోనియోకూ టాంపాకూ మధ్య గగనమార్గాన 1,500 కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, తీగ తిన్నగా వేసి ఉన్నా ఒకవైపు ప్రయాణానికే 8 మిల్లీసెకన్లు పడుతుంది. దారిలోని మలుపులు, కంప్యూటర్లు ధ్వనిని ముక్కలుగా పోగుచేసుకునే సమయం కలిస్తే ఆలస్యం తేలికగా 30, 40 మిల్లీసెకన్లకు చేరుతుంది, అంటే ఒక దెబ్బలో దాదాపు సగం. ఈ వేగపు సంగీతంలో అంత తేడా ఉంటే ఇద్దరు కలిసి నాలుగు కొలతలు (కొలత అంటే కొన్ని బీట్ల ఆవృత్తి) కూడా నిలబడలేరు. అందుకే ఇలాంటి ఆల్బమ్‌లలో కలిసి వాయించడమనే ప్రసక్తి లేదు. ఒకరు వాయించి పంపిన దానిమీద మరొకరు తర్వాత వాయిస్తారు.

ఈ పనికి ఆధారం క్లిక్ ట్రాక్, అంటే బీటు బీటుకూ టిక్కుమనే ధ్వని. రచన మొత్తానికీ ఏ కొలతలో ఎన్ని బీట్లు, ఎక్కడ వేగం మారుతుంది అన్నది ముందే నిర్ణయించి, ఆ పటాన్ని అందరూ తమ కంప్యూటర్లలో పెట్టుకుంటారు. బేస్ రెండో నిమిషంలో మొదలైనా సరే, దాని ఫైలును రచన తొలి క్షణం నుంచి, ముందున్న నిశ్శబ్దంతో సహా పంపడం మంచి పద్ధతి. అప్పుడు అవతలివారు ఫైలును సున్నా దగ్గర ఉంచితే చాలు, అంతా తన చోట తాను కూర్చుంటుంది. శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచి నమోదు చేస్తారన్నది) విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం: 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డయిన ఫైలును 48 కిలోహెర్ట్జ్‌గా తెరిస్తే, అయిదు నిమిషాల రచన 4 నిమిషాల 36 సెకన్లకే ముగుస్తుంది, శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి జరుగుతుంది.

ఆనాటి ఇంటర్నెట్‌ను కూడా గుర్తుచేసుకోవాలి. 24 బిట్ల ఏకధ్వని (మోనో, ఒకే చానెల్) ఫైలు నిమిషానికి దాదాపు 8 మెగాబైట్లు. డ్రమ్స్‌కు 12 మైకులు పెడితే అయిదు నిమిషాల రచన 475 మెగాబైట్లు దాటుతుంది. సెకనుకు 256 కిలోబిట్లు మాత్రమే ఎక్కించగల ఇంటి లైనుమీద దాన్ని పంపడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది.

[తెరపై: వృత్తం చుట్టూ గడియారం అంకెల్లా పన్నెండు స్వరాలు.]

వ్యాఖ్యానం: ఇక అసలు విషయానికి వద్దాం. మన కర్ణాటక సంగీతంలో ఒక స్థాయికి పన్నెండు స్వరస్థానాలు. రాగం వాటిలో కొన్నిటిని ఎంచుకొని, తక్కినవాటిని విడిచి, షడ్జమాన్ని ఆధారంగా నిలుపుకొంటుంది. 1920ల తొలినాళ్లలో ఆస్ట్రియా స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ రూపొందించిన పన్నెండు స్వరాల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది: అందులో పన్నెండు స్వరాలూ ఒక్కోటి ఒక్కసారే ఒక వరుసలో వస్తాయి, ఏ స్వరమూ ఆధారషడ్జమం కాదు. పన్నెండింటిని పేర్చగల వరుసలు 47 కోట్ల 90 లక్షలకు పైనే. జార్జోంబెక్ ఈ ఆలోచనను మెటల్‌కు తగినట్లు మలచుకున్నారు. స్వరాలను వృత్తంలో పేర్చి, ఆ వృత్తాన్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు నుంచి ఒక్కో గిటార్ పదబంధాన్ని తీస్తారు. గుంపు లోపల స్వరాలు మళ్లీ మళ్లీ రావచ్చు కనుక షోన్‌బెర్గ్ నియమంలోని బిగువు కొంత సడలుతుంది, మెటల్‌కు కావలసిన పట్టు దొరుకుతుంది. 'ఆసిలేషన్ సైకిల్స్' వింటే ఇది బాగా తెలుస్తుంది.

ఇంత కచ్చితంగా రాసుకున్న సంగీతాన్ని మాటల్లో చెప్పి ఒప్పించనక్కరలేదు. ఏ స్వరం, ఏ కొలత, ఎన్ని దెబ్బలు అన్నది కాగితంమీదో కంప్యూటర్‌లోనో ముందే ఉంటుంది కాబట్టి దాన్ని మరో ఊరికి పంపవచ్చు. రిహార్సల్ గదిలో నలుగురు కూర్చుని తడుముకుంటూ పుట్టించే సంగీతానికి ఈ వీలు ఉండదు. నా దృష్టిలో ఈ ఆల్బమ్ విజయానికి మూలం ఇదే.

లోటు లేదనలేను. ఒకరి వేగాన్ని చూసి మరొకరు లిప్తపాటు ఆగడం, గుంపంతా కలిసి కొంచెం వాలడం ఇందులో వినిపించవు, కొన్ని రచనల్లో ఊపిరి తీసుకునే చోటే ఉండదు. కానీ లాభమూ అంతే స్పష్టం. డెత్ మెటల్ రికార్డుల్లో బేస్ తరచుగా గిటార్ల కింద అణగిపోతుంది. ఇక్కడ మూడు వేళ్లతో తీగలను మీటే వెబ్‌స్టర్ ప్రతి స్వరమూ విడిగా, శుభ్రంగా చెవికి అందుతుంది.

ఇలాంటి పనిలో అందరికంటే ఎక్కువ భారం పడేది డ్రమ్మర్‌మీద. మామూలు స్టూడియోలో డ్రమ్స్ ముందు రికార్డయి, తక్కినవారు వాటిని అనుసరిస్తారు. ఇక్కడ కంప్యూటర్ గీసిన పటంలో మనిషి తన చోటు వెతుక్కోవాలి. అప్పట్లో మెటల్ బృందం ల్యాంబ్ ఆఫ్ గాడ్ డ్రమ్మర్‌గా ఉన్న క్రిస్ ఆడ్లర్, తర్వాత మరో డ్రమ్మర్ డెరెక్ రాడీ ఈ పనిలో చేరి, ఆల్బమ్ పూర్తికాకముందే తప్పుకున్నారు. చివరికి జెలెనీ దీన్ని పూర్తిచేశారు. ఆయన సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేలు) మీద చూపిన చిన్న చిన్న తేడాలు గిటార్ గణితానికి ప్రాణం పోశాయని నా నమ్మకం.

[తెరపై: 2011. అమెరికా పటం పక్కన జర్మనీ చేరుతుంది.]

వ్యాఖ్యానం: 2011లో బృందం 'ద యానిమేషన్ ఆఫ్ ఎంటమాలజీ' అనే చిన్న రికార్డు తెచ్చినప్పుడు దూరం అట్లాంటిక్ దాటింది. ఈసారి డ్రమ్స్ వాయించినవారు అప్పట్లో జర్మనీ బృందం అబ్స్క్యూరాలో ఉన్న హన్నెస్ గ్రాస్‌మన్. సినిమాల్లో పురుగులు కనిపించే దృశ్యాలను తీసుకుని, తెరమీద కదలికకు తగ్గట్టు సంగీతం కట్టారు. అంటే ముగ్గురికీ క్లిక్ ట్రాక్‌తో పాటు ఆ దృశ్యాలు కూడా కొలబద్ద అయ్యాయి.

కొత్తగా వినేవారు ముందు తొలి ఆల్బమ్‌లోని 'ఆసిలేషన్ సైకిల్స్'ను హెడ్‌ఫోన్‌తో రెండుసార్లు వినండి. మొదటిసారి గిటార్‌ను వదిలేసి బేస్ వెంట మాత్రమే వెళ్లండి. రెండోసారి డ్రమ్స్ ఏ స్వరంతో కలిసి పడుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో గమనించండి.