ఫెన్సు పక్కన మొలిచే హ్యాక్‌బెర్రీ, దాని పేరున్న ఊళ్ళు

నమస్తే అండి! డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ వైపు మనవాళ్ళ ఇళ్ళు బోలెడు. ఆ పెరళ్ళలో ఎవరూ నాటకుండానే ఫెన్సు వెంబడి లేచే చెట్టు ఇదే, హ్యాక్‌బెర్రీ. ముందు బెరడు చూడండి. బూడిద రంగు, పులిపిర్లు లేచినట్టు గరుకు గడ్డలు. ఇప్పుడు ఆకు. తొడిమ దగ్గర రెండు పక్కలూ సమానంగా ఉండవు, అక్కణ్ణుంచే మూడు ఈనెలు బయల్దేరతాయి. ఈ రెండూ కుదిరితే అనుమానం అక్కర్లేదు.

ఫెన్సు దగ్గరే ఎందుకంటారా? పిట్టలు పండు తిని ఫెన్సు మీద వాలతాయి, గింజ అక్కడే పడుతుంది. పండు బఠాణీ అంత. పైన పల్చటి తీపి గుజ్జు, లోపల సున్నం పట్టిన రాయిలాంటి గింజ. చప్పరించి ఊసేయాలి, కొరికితే పన్నుకే నష్టం.

వద్దనుకుంటే జానెడు మొక్కప్పుడే, వాన పడ్డ మర్నాడు పీకేయండి. ఇక్కడిది మన నల్లరేగడి లాంటి మట్టే, ఎండితే వేరు మధ్యలో తెగి మళ్ళీ చిగురేస్తుంది. పెద్దదాన్ని నరికితే మొద్దు అంచు చుట్టూ కలుపుమందు అప్పటికప్పుడే పూయాలి, మర్నాడు పూస్తే సరిగా పట్టదు.

ఉంచుకునేవాళ్ళకి అసలు జాగ్రత్త కొమ్మల దగ్గరే. ఈ చెట్టుకి పెద్ద గాయం పడితే లోపలికి కుళ్ళిపోతుంది, తర్వాత గాలివానకి విరుగుతుంది. కారు మీదికి వంగే కొమ్మని బొటనవేలంత లావున్నప్పుడే తీయండి. తల నరికించడం మాత్రం వద్దు.

ఆకుల కింద బుడిపెలు చూసి కంగారు పడకండి, చెట్టుకి హాని లేదు. వాటిలోని చిన్న పురుగులు చలి మొదలవగానే కిటికీ జాలీల్లోంచి ఇంట్లోకొస్తాయి. కుట్టవు, ఇంట్లో పిల్లలు పెట్టవు. వాక్యూమ్ చాలు, మందు దండగ. తెల్లటి దూది పేనుబంక పడితే మాత్రం కారు మీద జిగురు రాలుతుంది, నల్ల బూజు కట్టకముందే నీళ్ళతో కడిగేయండి.

మనకి చింతలపూడి, వేపగుంట ఉన్నట్టే దీని పేరుతోనూ ఊళ్ళున్నాయి. లిటిల్ ఎల్మ్ పక్కనే లూయిస్‌విల్ సరస్సు ఒడ్డున ఒక హ్యాక్‌బెర్రీ. లూసియానాలో ఇంకొకటి, అక్కడ ఉప్పు గుహల్లో అమెరికా ప్రభుత్వం అత్యవసర ముడిచమురు దాచింది. అరిజోనాదే అందరికీ తెలిసింది. 1870లలో వెండి గని పడింది, దగ్గర్లో ఊట పక్కనున్న హ్యాక్‌బెర్రీ పేరే పెట్టారు. ఎండు నేలలో ఈ చెట్టుందంటే దగ్గర్లో నీళ్ళున్నట్టే మరి.

వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి వెళ్ళేవాళ్ళు అరిజోనాలోని కింగ్‌మన్‌లో ఐ-40 హైవే ఎక్కకుండా పాత రోడ్డు రూట్ 66 పట్టుకోండి. పాతిక మైళ్ళు దాటాక ఈ హ్యాక్‌బెర్రీలోని పాత జనరల్ స్టోర్ కనిపిస్తుంది. తిరిగి వెనక్కి రానక్కర్లేదు, అదే రోడ్డు సెలిగ్‌మన్ దగ్గర ఐ-40లో కలుస్తుంది.