తొమ్మిదో ప్రశ్న దగ్గర తొందరపడకండి
(అమలాపురంలో ఆశా కార్యకర్తల ట్రైనింగ్‌లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. లంకల్లోంచి పొద్దున్నే పంటు దాటి వచ్చిన ఆశా అక్కలకి ముందుగా థాంక్స్. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. డిప్రెషన్ (దిగులు జబ్బు) ఉందేమో చూడటానికి మనం అడిగే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల స్కోరు షీట్ చూసి ఎవరు ప్రాణం తీసుకుంటారో చెప్పలేం, కానీ అదే షీట్ పట్టుకుని ప్రాణాలు కాపాడొచ్చు.

చెప్పలేం అని ఎందుకంటున్నానంటే లెక్క చూడండి. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు, అంటే లక్షకి 12 మంది పైచిలుకు. ఇప్పుడు లక్ష మందికి ఒక టెస్ట్ పెట్టామనుకోండి, ప్రమాదంలో ఉన్నవాళ్ళలో నూటికి 90 మందిని పట్టేస్తుంది, లేనివాళ్ళలో నూటికి 10 మందినే పొరపాటున పట్టుకుంటుంది, అంత మంచి టెస్ట్ ఉందనే అనుకుందాం, అప్పుడు ఆ 12 మందిలో 11 మంది దొరుకుతారు గానీ వాళ్ళతో పాటు ఏ ప్రమాదం లేనివాళ్ళు దాదాపు 10 వేల మంది అదే లిస్టులోకి వచ్చేస్తారు. ఇంక ఎవరి ఇంటికని పరిగెడతాం?

2017లో ఫ్రాంక్లిన్ అనే పరిశోధకుడి టీమ్ 50 ఏళ్ళ రీసెర్చ్, 365 స్టడీలు కలిపి చూస్తే ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో వేసిన అంచనాలు బొమ్మా బొరుసా వేసినదానికంటే పెద్దగా మెరుగు కాదని తేలింది. ఇంగ్లాండ్‌లో వైద్యానికి గైడ్‌లైన్లు రాసే నైస్ సంస్థ 2022లో ఇలాంటి స్కోరు స్కేళ్ళతో జోస్యం చెప్పొద్దని గైడ్‌లైన్‌లోనే రాసేసింది. స్కిజోఫ్రెనియా లాంటి పెద్ద మానసిక జబ్బులో కూడా జీవితకాలంలో ఆత్మహత్యతో పోయేది నూటికి 5 మంది దాకా, మామూలు జనం కంటే చాలా ఎక్కువే, అయినా అందర్నీ అనుమానంగా చూడటం అన్యాయం అండి.

మరి పీహెచ్‌క్యూ-9 ఎందుకు? తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ చూడాలి. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండు అనిగానీ తనకి తాను హాని చేసుకోవాలనిగానీ అనిపించిందా అని. ఇది మనం ఎలా అడుగుతున్నాం? అరుగు మీద అత్తగారు పక్కనే కూర్చుని ఉంటారు, లోపల టీవీ మోగుతుంటుంది, మనం తల వంచుకుని "అలాంటిదేం లేదు కదమ్మా" అనేస్తాం, ఆవిడ "ఆయ్, ఏం లేదండి" అంటుంది, సున్నా వేసేస్తాం. ఆ సున్నా ఆవిడది కాదు, మనం అడిగిన తీరుది. చెరువులో రొయ్య పోయి అప్పులపాలైన రైతైనా, భార్య కువైట్‌లో ఉండి ఒంటరిగా పిల్లల్ని చూసుకునే తండ్రైనా మొదట నిద్ర పట్టట్లేదు, ఒళ్ళు నొప్పులు అనే చెప్తారు, అక్కడితో లేచి వచ్చేయకండి.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. న్యూయార్క్‌లో 2,342 మంది హైస్కూల్ పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన స్టడీలో, ఆత్మహత్య గురించి అడిగినందువల్ల బాధ పెరగలేదు, ఆ ఆలోచనలూ పెరగలేదు. కాబట్టి పక్కకి పిలిచి, కళ్ళలోకి చూసి, సూటిగా అడగండి, అడిగాక కాసేపు ఊరుకోండి.

అవునంటే ఏం చేయాలి? నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన రీసెర్చ్ ఇదేనండి. డబ్ల్యూహెచ్‌ఓ చెన్నైతో కలిపి ఐదు చోట్ల, ఆత్మహత్యాయత్నం చేసి బతికిన 1,867 మందితో చేసింది, సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి అదనంగా గంటసేపు మాట్లాడి తర్వాత 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోనో ఇంటికెళ్ళి పలకరింపో, అంతే. 2008లో ఫలితం వచ్చింది, ఆత్మహత్యతో పోయినవాళ్ళు మామూలు వైద్యం గ్రూపులో నూటికి 2.2, పలకరించిన గ్రూపులో 0.2. ఆ పలకరింపు మీకంటే బాగా ఎవరు చేయగలరు చెప్పండి.

మన పక్కనే, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశాలు ట్యాబ్ పట్టుకుని గిరిజన గ్రామాల్లో ఇవే ప్రశ్నలు అడిగారు, సమస్య ఉండొచ్చని తేలినవాళ్ళలో మానసిక వైద్యం తీసుకునేవాళ్ళు నూటికి 0.8 నుంచి 12.6కి పెరిగారు.

అవునన్న మనిషిని ఆ పూట ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే తీసి దూరంగా తాళం వేయించండి, విషం ఎక్కువున్న పురుగుమందుల్ని నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. పీహెచ్‌సీ డాక్టర్‌కి వెంటనే చెప్పండి, మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫ్రీ, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, మీరు పక్కనుండగానే ఫోన్ చేయించండి. మీకే మనసు బరువైనా అదే నంబర్.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు తొమ్మిదో ప్రశ్న అడగండి, రెండోవాళ్ళు "అవును" అనండి, ఆ తర్వాత మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటో వినడానికి నేను ఒక్కో బల్ల దగ్గరికీ వస్తాను.