పక్కింటికి ఒక వైరు

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం చివర్లో మన కర్నూలులో గాలివాన ఎట్లా వస్తుందో మీకు తెలిసిందే. పగలంతా నిప్పులు చెరిగి, సాయంత్రానికి దుమ్ము లేచి, నాలుగు చినుకులు పడేలోపే ఏ వేపకొమ్మో విరిగి తీగల మీద పడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన నాటి చీకటి వేరు, దాన్ని చూసినవాళ్లు మరిచిపోలేరు. మామూలు గాలివానకు కూడా ఒక్కోసారి రాత్రంతా కరెంటు రాదు. అప్పుడు మీ ఇంట్లో జనరేటర్ ఉంటే పక్కింటికి ఒక వైరు ఇవ్వండి. ఎట్లా ఇవ్వాలో చెబుతాను.

రెండు కేవీఏ పెట్రోల్ జనరేటర్ సుమారు 1600 వాట్లు ఇస్తుంది. టేబుల్ ఫ్యానుకు 60 వాట్లు, ఎల్ఈడీ బల్బుకు 9 వాట్లు చాలు. ఇంటికి రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, ఫోన్ల ఛార్జింగు అనుకున్నా 200 వాట్లు దాటదు. నాలుగైదు ఇళ్లకు సరిపోతుంది. చిక్కంతా బోరు మోటారుతోనే. స్టార్టయ్యేటప్పుడు అది మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ గుంజుతుంది, జనరేటర్ ఆగిపోతుంది. ఆ ఒక్క రాత్రికి నీళ్లు బిందెలతో సర్దుకోండి. ఫ్రిజ్ తలుపు తీయకుంటే నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. ఆక్సిజన్ మిషన్ మీదున్న పెద్దవాళ్లు, నెబ్యులైజర్ కావాల్సిన పిల్లలు ఉంటే ముందు వాళ్లకే. అడగడానికి మొహమాటపడతారు, మీరే వెళ్లి కనుక్కోండి.

అసలు భయం ఇంకొకటి. వైరుకు రెండు వైపులా ప్లగ్గులు బిగించి, ఒకటి జనరేటర్‌కు, ఒకటి గోడ సాకెట్‌కు పెట్టి ఇల్లంతా వెలిగించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ప్లగ్గు ఊడి వస్తే చేతిలో ఉన్న పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. అంతటితో పోదు. మీ మీటరు దాటి, వీధి తీగల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. 11,000 వోల్టులను మన ఇళ్లకు దించి ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే, వెనక నుంచి వచ్చిన 230ని మళ్లీ వేలల్లోకి ఎక్కిస్తుంది. లైను ఆపారు కదా అని స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. మెయిన్ ఆఫ్ చేశాం కదా అంటారు. ఆ చీకట్లో ఇంట్లో ఎవరో తెలియక ఆన్ చేస్తే?

ఇల్లంతా కావాలనుకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి, అది ఇంటికి బయటి లైనో, జనరేటరో, ఒకసారికి ఒకదాన్నే కలుపుతుంది. పక్కింటికైతే జనరేటర్ నుంచి నేరుగా ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇవ్వండి, వాళ్ల ఫ్యాను, లైటు దానికే తగిలించుకుంటారు. అతుకుల్లేని మూడు తీగల వైరు వాడండి, చుట్ట పూర్తిగా విప్పండి. చుట్టగా వదిలేస్తే వేడెక్కి కాలిపోతుంది.

వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకో, మెట్ల కిందికో లాగకండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట, మీ కిటికీలకే కాదు పక్కింటి కిటికీలకూ దూరంగా, రేకు నీడన పెట్టండి. ఇంజను ఆపి, చల్లారాకే పెట్రోలు పోయండి. ఆ ఖర్చు తలా ఎంతో ముందే మాట్లాడుకుంటే తర్వాత మనస్పర్థలు రావు.

వీధిలో తీగ తెగి పడివుంటే దగ్గరికి పోకండి, ఎవరినీ పోనివ్వకండి. వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, ఏ వీధో, ఏ స్తంభం దగ్గరో చెప్పండి. నమస్కారం.