ముఖాలు గుర్తుండనివారి పక్షాన

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సభకు విచ్చేసిన మిత్రులందరికీ నమస్కారం. అంతర్జాతీయ యానిమేషన్ దినోత్సవం సందర్భంగా ఈ కళ చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆ చరిత్రలో మొదటి ఘట్టాన్ని మాత్రం చెప్పి, చాలా కాలంగా ఏదో ఒక సభలో చెప్పాలని మనసులో పెట్టుకున్న విషయంలోకి వస్తాను. నిర్వాహకులు నన్ను మన్నించాలి.

1892 అక్టోబర్ 28న పారిస్‌లోని గ్రెవాఁ మ్యూజియంలో ఎమీల్ రెనో అనే కళాకారుడు తాను చేత్తో గీసి రంగులద్దిన బొమ్మలను తెరపై కదిలించి జనానికి చూపించాడు. లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి సినిమా చూపించడానికి ఇంకా మూడేళ్ల సమయం ఉంది. మనం ఈ దినోత్సవాన్ని జరుపుకునేది ఆ ప్రదర్శన జ్ఞాపకార్థమే. ఆనాడు చూపించిన వాటిలో ఒక కథకు రెనో 500 బొమ్మలు గీశాడు. అందులోని పాత్రలైన పియెరో, ఆర్లెకాన్, కొలంబీన్ అప్పటికే యూరప్ రంగస్థలంపై తరతరాలుగా ఉన్నవారు. పియెరో తెల్లటి వదులు దుస్తుల్లో ఉంటాడు, ఆర్లెకాన్ రంగురంగుల ముక్కలు కుట్టిన దుస్తుల్లో ఉంటాడు. ప్రేక్షకుడు ఎంత వెనుక వరుసలో కూర్చున్నా, ముఖం అసలు కనిపించకపోయినా, ఎవరు ఎవరో అతనికి తెలిసిపోతుంది. తెరపై బొమ్మ కదిలిన తొలి రోజునే, పాత్రను పోల్చుకునే భారాన్ని చూసేవాడి మీద వేయకుండా గీసేవాడు తాను తీసుకున్నాడని నేను భావిస్తాను. ఈ ఒక్క విషయం గురించే ఈరోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

నాకు ముఖాలు గుర్తుండవు. ఈ మాట అనగానే చాలామంది ఆప్యాయంగా "అయ్యో, నాకూ అంతేనండీ, పేర్లు అసలు గుర్తుండవు" అంటారు. పేరు మరచిపోవడం వేరు. మీరు పేరు మరచిపోయిన మనిషి ఎదురైనప్పుడు, ఈయన్ని ఎరుగుదునన్న భావమైనా మీకు కలుగుతుంది. నాకు ఆ భావమే కలగదు. నా చూపులో లోపం లేదు. ఎదుటివారి కళ్లు, ముక్కు, బుగ్గ మీది పుట్టుమచ్చ అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. వారు సంతోషంగా ఉన్నారో, కోపంగా ఉన్నారో కూడా తెలుస్తుంది. అవన్నీ కలిసి ఫలానా మనిషిగా మాత్రం రూపుకట్టవు. అందువల్ల నేను నడకను, గొంతును, జుట్టును, కళ్లజోడును, నిలబడే తీరును పట్టుకుని మనుషులను పోల్చుకుంటాను. వాటిలో ఒకటి మారితే తడబడతాను, రెండు మారితే ఆ మనిషి నాకు కొత్తవారే.

దీనికి వైద్యశాస్త్రంలో ప్రొసోపగ్నోసియా అనే పేరు ఉంది. జర్మన్ నాడీవైద్యుడు యోఆఖిమ్ బోడామర్ 1947లో ఆ పేరు పెట్టాడు. ఆయన వర్ణించిన వారు యుద్ధంలో తలకు గాయాలైన సైనికులు. మెదడుకు దెబ్బ తగలకుండానే పుట్టుకతో ఈ లోపం ఉండవచ్చని లోకం గ్రహించడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. జర్మనీలో విద్యార్థులపై జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఇది సుమారు 2.5 శాతం మందిలో ఉంది. కొలిచే పద్ధతిని బట్టి ఈ అంకె కొంత మారుతూ ఉంటుంది కాని, కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందన్నది మాత్రం పలుచోట్ల కనిపించింది. మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపున, ముఖాలను చూసినప్పుడు ప్రత్యేకంగా స్పందించే ఒక ప్రాంతం ఉంది. మెదడు పరిశోధకురాలు నాన్సీ కాన్విషర్ బృందం 1997లో దాన్ని వివరించింది. అక్కడా, దానితో కలిసి పనిచేసే ఇతర భాగాల్లోనూ పని సరిగా సాగనప్పుడు, చదువు, తెలివి, జ్ఞాపకశక్తి అన్నీ చక్కగా ఉన్న మనిషి సైతం తన ఇంటివారిని జనంలో గుర్తుపట్టలేకపోవచ్చు. మనుషుల మెదళ్ల గురించి జీవితమంతా రాసిన నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్‌కు ఈ లోపం ఉండేది. అద్దంలోని తన ముఖాన్ని చూసి కూడా తడబడిన సందర్భాలను ఆయన దాపరికం లేకుండా చెప్పాడు.

ఇది మీకు అనుభవంలోకి రావాలంటే ఒక మార్గం ఉంది. తెలిసినవారి ఫొటోలు కొన్నింటిని తలకిందులుగా పెట్టి చూడండి. రాబర్ట్ యిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1969లోనే చూపించినట్టు, ఇళ్లను, విమానాలను తలకిందులుగా చూపినప్పటి కన్నా ముఖాలను అలా చూపినప్పుడు మనుషులు చాలా ఎక్కువగా పొరబడతారు. అన్ని భాగాలూ కనిపిస్తూనే మనిషి మాత్రం అందకుండా పోతాడు. అప్పుడు మీరు పడే ప్రయాస ఉంది చూశారా, నేను నిటారుగా ఉన్న ముఖాల ముందు పడేది కూడా దాదాపు అలాంటిదే.

ఇక మామూలు సినిమా సంగతి. సినిమా మొత్తం ముఖాన్ని నమ్ముకుని నడుస్తుంది. మొదటి సన్నివేశంలో గడ్డంతో కనిపించిన నాయకుడు మూడో సన్నివేశంలో నున్నగా గీసుకుని వస్తాడు. ఇద్దరు పోలీసు అధికారులు ఒకే యూనిఫాంలో, ఒకే క్రాపుతో ఉంటారు. కథానాయిక జుట్టు ముడివేసుకున్నా, విరబోసుకున్నా ఆమె ఆమేనని దర్శకుడు ధీమాగా ఉంటాడు. మా ఇంట్లో అందరూ కలిసి చూస్తున్నప్పుడు నేను "ఇతనెవరు?" అని అడుగుతూ ఉండేదాన్ని. మా అన్నయ్యకు విసుగు వచ్చి, "శ్రద్ధ లేనిదానివి సినిమా ఎందుకు చూస్తావు?" అనేవాడు. శ్రద్ధ లేకపోవడం కాదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ శ్రద్ధతో చూసేదాన్ని నేనే. ప్రతి చొక్కా రంగునూ, ప్రతి గొంతునూ గుర్తుపెట్టుకోవడంలోనే నా శక్తి అంతా ఖర్చయ్యేది. కథకు ఏమీ మిగిలేది కాదు. అదే బొమ్మల సినిమా అయితే, చూసిన కథను మర్నాడు ఒక్క మలుపు కూడా వదలకుండా చెప్పేదాన్ని. ఈ రెండూ చూసిన పెద్దవాళ్లు నాకు బొమ్మలంటే పిచ్చి అన్నారు తప్ప, ఇంతటి తేడా ఎందుకు వస్తోందని ఎవరూ ఆలోచించలేదు.

పెద్దయ్యాక ఆ మాట ఇంటితో ఆగలేదు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట మా పై అధికారి ఒకరోజు కళ్లజోడు మానేసి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చారు. వరండాలో ఎదురైతే నేను పలకరించకుండా వెళ్లిపోయాను. అది గర్వంగా లెక్కకు వచ్చింది. మధ్యాహ్న విరామంలో నేను యానిమేషన్ చూస్తానన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు, అది పిల్లతనంగా లెక్కకు వచ్చింది. ఒక ముఖ్యమైన బాధ్యతకు నా పేరు వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ కలిపి చెప్పి పక్కన పెట్టారని తర్వాత విన్నాను. గర్విష్ఠి, పైగా చిన్నపిల్లల బుద్ధి. ఈ విషయం చెబుతున్నప్పుడు ఇప్పటికీ నా గొంతు మారుతుంది. ఆ రెండు నిందలకూ మూలం ఒక్కటే. వరండాలో ఆయన్ని పోల్చుకోలేకపోయిన కళ్లే, సినిమాలో నటులను పోల్చుకోలేక బొమ్మల దగ్గరికి వెళ్లాయి. దానికి ఒక పేరు ఉందని అప్పటికి నాకే తెలియదు కనుక, వివరించి చెప్పుకునే వీలు కూడా లేకపోయింది. ఇలా పేరు తెలియక మాట పడుతున్నవారు ఇంకా ఎందరో ఉన్నారు. నా ఒక్కదాని అవమానం తీర్చుకోవడానికైతే ఈ వేదిక ఎక్కేదాన్ని కాను.

బొమ్మల్లో ఏముందో ఇప్పుడు చెబుతాను. ఇక్కడ యానిమేషన్ కళాకారులు ఉన్నారు, వారికి ఇది తెలిసిన సంగతే. ఒక పాత్రను రూపొందించేటప్పుడు దాన్ని పూర్తిగా నల్లటి నీడగా మార్చి చూస్తారు. ఆ నీడను బట్టే ఎవరో తెలియాలి, తెలియకపోతే మళ్లీ గీస్తారు. పాత్ర అన్ని వైపుల నుంచీ ఎలా కనిపించాలో మోడల్ షీట్ మీద గీసి పెట్టుకుంటారు, ఎంతమంది చేతులు మారినా ఆ రూపం తప్పకూడదని. ఒకరు పొడవు, ఒకరు గుండ్రం. ఒకరి జుట్టు నీలం, ఒకరిది ఎరుపు. చాలా ధారావాహికల్లో పాత్రలు ఏళ్ల తరబడి దుస్తులు మార్చుకోవు. గొంతులను కూడా ఒకదానితో ఒకటి కలవకుండా ఎంచుతారు. నాలాంటివారు బతుకులో వెతుక్కునే ఆనవాళ్లన్నీ అక్కడ తెర మీదే సిద్ధంగా ఉంటాయి. ఇది మాకు మాత్రమే ఉపకరించేది కూడా కాదు. తెలిసినవారి ముఖాలను రేఖాచిత్రాలుగా గీసి చూపినప్పుడు, ప్రత్యేకతలను పెంచి గీసినవాటిని ఉన్నదున్నట్టు గీసినవాటికన్నా జనం త్వరగా పోల్చుకున్నారని 1987లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది.

అన్ని యానిమేషన్ చిత్రాలూ నాకు సులువు కావు. మనిషి చర్మాన్ని, వెలుగునీడలను అచ్చంగా అనుకరించే కంప్యూటర్ చిత్రాల్లో నేను మళ్లీ దారి తప్పుతాను. ఈ లోపం ఉన్నవారందరూ బొమ్మలనే ఇష్టపడతారని కూడా నేను అనను. చక్ క్లోజ్ అనే చిత్రకారుడు జీవితమంతా గోడంత ముఖాలనే గీశాడు. ఆయనకూ ముఖాలు గుర్తుండేవి కావు. కదిలే ముఖాన్ని చదునైన చిత్రంగా మార్చుకుంటేనే అది తన మనసులో నిలుస్తుందని ఆయన చెప్పేవాడు. ఆయనకు దొరికిన దారి అది. నాకు దొరికిన దారి ఇది. అవసరం కొద్దీ వెళ్లాను, ప్రేమతో ఉండిపోయాను. శోకం, యుద్ధం, వార్ధక్యం, అపరాధ భావం అన్నీ చెప్పగల కళను పిల్లల అరలో పెట్టి, దాన్ని చూసే పెద్దవాళ్ల బుద్ధి ఎదగలేదని నిర్ణయించే హక్కు ఎవరికీ లేదు.

సభికులకు కొన్ని విన్నపాలు ఉన్నాయి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని దయచేసి ఎవరినీ పరీక్షించకండి. మీకది సరదా కావచ్చు, ఎదుటివారికి మాత్రం ఆ క్షణంలో కాళ్లు వణుకుతాయి. పలకరించేటప్పుడు మీ పేరు, ఎక్కడ కలిశామన్న ఒక్క ముక్క చెప్పండి. తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ, ఒక పిల్ల తోటిపిల్లలను యూనిఫాంలో పోల్చుకోలేక ఒంటరిగా నిలబడుతుంటే దాన్ని బిడియమని, పొగరని తేల్చే ముందు ఈ కోణం కూడా చూడండి. ముఖాలను గుర్తించే సామర్థ్యాన్ని కొలిచే పరీక్షలు ఉన్నాయి. నిన్నటిదాకా అందరినీ గుర్తుపట్టిన మనిషి హఠాత్తుగా గుర్తుపట్టలేకపోతే అది వేరే సంగతి, అది పక్షవాతం వంటి ప్రమాదానికి సూచన కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పుట్టుకతో ఉన్నదాన్ని నయం చేసే మందు ఇప్పటికి లేదు. చుట్టూ ఉన్నవారి సహకారమే మాకు సహాయం.

సినిమాలు, ధారావాహికలు తీసేవారు ఈ సభలో ఉంటే వారికి చివరగా ఒక మాట. వినికిడి లోపం ఉన్నవారి కోసం వేసే సబ్‌టైటిళ్లలో కొన్నిచోట్ల మాట్లాడుతున్న పాత్ర పేరు కూడా వేస్తున్నారు. దాన్ని ప్రతి సంభాషణకూ, ప్రతి చిత్రానికీ వేయండి. వద్దనుకున్నవారు ఆపుకునే ఏర్పాటు ఎలాగూ ఉంటుంది. అలా వేసిన మామూలు సినిమాలు కొన్నింటిని నేను చివరిదాకా చూశాను, కథ పూర్తిగా అర్థమైంది.

ప్రశ్నలకు కొంత సమయం ఉందని అధ్యక్షులు చెబుతున్నారు. అడగదలచినవారు పేరు చెప్పి అడగండి.