ఆర్కేడ్ రేసింగ్‌కి స్టీరింగ్ వీల్: ముందు డిగ్రీలు తగ్గించండి

అక్క: అందరికీ నమస్కారం. ఈసారి స్టీరింగ్ వీల్ గురించి మాట్లాడుకుందాం. టైర్ ప్రెషర్, ఇంధనం లెక్కలు చూసుకునే సిమ్యులేటర్ల సంగతి కాదు, అచ్చంగా ఆర్కేడ్ రేసింగ్ సంగతి. కాసేపు వేగాన్ని అమాంతం పెంచే నైట్రో కొట్టడం, మలుపులో కారును అడ్డంగా జార్చడం, గోడకి రాసుకుని వెళ్లినా పరుగు ఆగకపోవడం, ఆ రకం గేమ్‌లు.

తమ్ముడు: వీటి గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది అక్కా. వీల్ కొంటారు, ఇష్టమైన ఆర్కేడ్ గేమ్ పెడతారు, నాలుగు రేసులయ్యాక మళ్లీ గేమ్‌ప్యాడ్ పట్టుకుంటారు. ఈ గేమ్‌లకి వీల్ పనికిరాదని తేల్చేస్తారు.

అక్క: ఆ మాట నేను ఒప్పుకోను. అసలు ఈ గేమ్‌లు పుట్టిందే స్టీరింగ్‌తో. గేమ్ సెంటర్లలో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషిన్‌లలో, 1974లో అటారీ తెచ్చిన గ్రాన్ ట్రాక్ 10కే స్టీరింగ్, గేర్ లివర్, పెడల్స్ ఉన్నాయి. 1986లో సెగా నుంచి యూ సుజుకి చేసిన ఔట్‌రన్ వచ్చింది. దాని డీలక్స్ క్యాబినెట్‌లో కూర్చుంటే, నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడు సీటుతో సహా కదిలేది. 1993లో నామ్‌కో రిడ్జ్ రేసర్, ఆ దరిదాపుల్లోనే సెగా డేటోనా యూఎస్‌ఏ. ఇవన్నీ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఆడేవే. బొటనవేలితో ఆడటం తర్వాత అలవాటైంది.

తమ్ముడు: మరి ఇప్పుడు ఎందుకు కుదరట్లేదు?

అక్క: తిరిగే కోణం మారిపోయింది. అప్పటి ఆర్కేడ్ స్టీరింగ్‌లు ఎక్కువగా 270 డిగ్రీలు తిరిగేవి. మధ్య నుంచి ఎడమకి 135, కుడికి 135. పట్టుకున్న చోటు నుంచి చెయ్యి తీయకుండానే పూర్తి మలుపు అందేది. ఇప్పుడు ఇంట్లో వాడే లాజిటెక్ జీ29, జీ920, జీ923 అన్నీ 900 డిగ్రీలు తిరుగుతాయి. థ్రస్ట్‌మాస్టర్ టీ300 అయితే 1080. 900 అంటే ఈ చివర నుంచి ఆ చివరకి రెండున్నర చుట్లు. నిజమైన కారు నడిపించే సిమ్యులేటర్‌కి అది సరైన కొలతే. ఆర్కేడ్ గేమ్‌లో మాత్రం మలుపు అయిపోయేసరికి నీ చేతులు ఇంకా సగంలోనే ఉంటాయి.

తమ్ముడు: గేమ్‌ప్యాడ్ పట్టుకున్నవాడు ఆలోపు ఎడమకి తిరిగి, కుడికి తిరిగి, తిన్నగా వెళ్లిపోతుంటాడు.

అక్క: ఎందుకంటే ఇప్పటి గేమ్‌లు ఆ బొటనవేలిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. ఇది కాస్త వివరంగా చెప్తాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. గేమ్‌ప్యాడ్ మీద బొటనవేలితో తోసే స్టిక్ చాలా చిన్నది. బొటనవేలు రెప్పపాటులో ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లిపోతుంది. కారు చక్రాలు కూడా అంతే వేగంగా తిరిగితే ప్రతి మలుపులో కారు బొంగరంలా తిరిగి పడిపోతుంది. అందుకని గేమ్ చేసేవాళ్లు మధ్యలో ఒక వడపోత పెడతారు. నువ్వు స్టిక్‌ను అమాంతం తోసినా చక్రాలు కాస్త నెమ్మదిగా తిరుగుతాయి. పైగా కారు వేగం పెరిగేకొద్దీ చక్రాలు తిరగగలిగే కోణాన్ని గేమ్ తగ్గిస్తూ పోతుంది.

తమ్ముడు: అంటే 200 కిలోమీటర్ల వేగంలో స్టిక్ మొత్తం తోసినా, చక్రాలు తిరిగేది కొంచెమే.

అక్క: అంతే. ఇప్పుడు వీల్ తగిలించావనుకో. గేమ్ ఆ వడపోతను అలాగే ఉంచితే, నువ్వు తిప్పిన కాసేపటికి గానీ కారు తిరగదు. చేతికీ కారుకీ సంబంధం తెగిపోయినట్టు ఉంటుంది. పూర్తిగా తీసేస్తే తిన్నటి రోడ్డు మీద కూడా కారు అటూ ఇటూ ఊగుతుంది. శ్రద్ధగా చేసిన గేమ్ అయితే వీల్‌కి విడిగా లెక్క వేస్తుంది. అందుకే గేమ్ వీల్‌ను గుర్తిస్తుందా లేదా అన్నది సగం ప్రశ్నే. గుర్తించాక ఏం చేస్తుందన్నది మిగతా సగం.

తమ్ముడు: సరే, ఇంట్లో వీల్ ఉంది, ఇష్టమైన గేమ్ ఉంది. ముందు ఏం మార్చాలి?

అక్క: డిగ్రీలు. మిగతా ఏదీ ముట్టుకోకముందు అది మార్చండి. పీసీలో లాజిటెక్ వాళ్లకి జీ హబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపరేటింగ్ రేంజ్ అని ఉంటుంది. థ్రస్ట్‌మాస్టర్ వాళ్లకి కంట్రోల్ ప్యానెల్‌లో కోణం మార్చే స్లైడర్ ఉంటుంది. కన్సోల్ అయితే కొన్ని వీల్స్‌లో రెండు బటన్లు కలిపి నొక్కితే మారుతుంది, మీ వీల్ మాన్యువల్‌లో చూసుకోవాలి. 270 దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువగా డ్రిఫ్ట్ మీదే, అంటే కారును అడ్డంగా జార్చడం మీదే నడిచే గేమ్ అయితే 240 దాకా దిగొచ్చు. ఫోర్జా హొరైజన్ లాంటి, సగం ఆర్కేడ్ సగం సిమ్యులేటర్ గేమ్‌కి 360 నుంచి 540 మధ్య నాకు బాగా కుదిరింది.

తమ్ముడు: 180 పెట్టేస్తే ఇంకా చురుగ్గా ఉంటుంది కదా?

అక్క: మలుపుల్లో ఉంటుంది. తిన్నటి రోడ్డు మీద నైట్రో కొట్టినప్పుడు చెయ్యి కాస్త కదిలినా కారు పక్క లేన్‌లోకి పోతుంది. అంత తక్కువ వద్దు. ఇంకో సంగతి, కొన్ని గేమ్‌లు వీల్ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు పెట్టిన కోణాన్ని పట్టించుకోకుండా తమ కోణం తామే పెట్టేస్తాయి. మార్చినా తేడా కనిపించకపోతే గేమ్ సెట్టింగ్స్‌లో వెతకాలి.

తమ్ముడు: డెడ్ జోన్ సంగతి కూడా చెప్పు. చాలామంది దాన్ని చూడనే చూడరు.

అక్క: అది తప్పకుండా చూడాలి. స్టిక్‌లు వాడగా వాడగా మధ్యలో కాస్త వదులవుతాయి కాబట్టి, మధ్య భాగంలో కొంత కదలికను గేమ్ లెక్కలోకి తీసుకోదు. దాన్నే డెడ్ జోన్ అంటారు. వీల్‌కి ఆ అవసరం లేదు. ఫోర్జా హొరైజన్ 5లో స్టీరింగ్ డెడ్ జోన్ ఇన్‌సైడ్‌ని 0కి, అవుట్‌సైడ్‌ని 100కి పెట్టండి. లీనియారిటీని, అంటే నువ్వు తిప్పినదానికి కారు ఎంత సమంగా తిరగాలో చెప్పే సెట్టింగ్‌ని, 50 దగ్గరే వదిలేయండి. స్టీరింగ్ రకాల్లో సిమ్యులేషన్ అని ఒకటి ఉంటుంది. సిమ్యులేషన్ పెడితే గేమ్ అందించే సాయం తగ్గిపోతుంది. చేతులకి అలవాటయ్యేదాకా మామూలు రకంలోనే ఆడండి, అందులో చిన్నతనమేమీ లేదు.

తమ్ముడు: ఇప్పుడు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కి, అంటే వీల్‌లోని మోటార్ చేతికి బలం తగిలేలా చేసే సంగతికి వద్దాం. వీల్ కొనేదే దాని కోసం కదా. కొన్ని గేమ్‌లలో ఆ మోటార్ ఉందా లేదా అనిపిస్తుంది.

అక్క: దీనికి కారణం తెలిస్తే చిరాకు తగ్గుతుంది. సిమ్యులేటర్‌లో టైర్ రోడ్డును ఎలా పట్టుకుందో గేమ్ లెక్క కడుతుంది. మలుపులో ముందు టైర్లు తిన్నగా రావాలని లాగుతాయి, ఆ బలమే నీ చేతికి వస్తుంది. టైర్ పట్టు జారబోయే ముందు ఆ బలం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. దాన్నిబట్టి నువ్వు సర్దుకుంటావు. చాలా ఆర్కేడ్ గేమ్‌లలో టైర్ లెక్క అంత లోతుగా ఉండదు. డ్రిఫ్ట్ అన్నది అక్కడ టైర్ జారడం వల్ల వచ్చేది కాదు, గేమ్ ఆన్ చేసే ఒక స్థితి. ఆ స్థితిలోకి వెళ్లాక నీ స్టీరింగ్ ఎటు ఉందో చూసి కారు ఎంత అడ్డంగా ఉండాలో గేమే నిర్ణయిస్తుంది. ఇక చేతికి పంపడానికి దాని దగ్గర ఏముంటుంది? గోడకి తగిలితే ఒక కుదుపు, రోడ్డు దిగితే వణుకు, మధ్యకి లాగే స్ప్రింగ్.

తమ్ముడు: అయితే ఆ స్ప్రింగ్‌నే బాగా వాడుకోవాలి.

అక్క: ఔను. సిమ్యులేటర్ ఆడేవాళ్లు సెంటరింగ్ స్ప్రింగ్‌ని పూర్తిగా ఆపేయమంటారు, వాళ్ల విషయంలో అది సరైన సలహానే. ఆర్కేడ్‌లో మాత్రం నేను దాన్ని పెంచమంటాను. వీల్ తనంతట తాను మధ్యకి వస్తే ఒక డ్రిఫ్ట్ నుంచి ఇంకో డ్రిఫ్ట్‌కి మారేటప్పుడు చేతులకి సగం పని తగ్గుతుంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అసలే పంపని గేమ్ అయితే ఈ స్ప్రింగ్ లేకుండా ఆడలేం, వీల్ ఎక్కడ తిప్పితే అక్కడే ఉండిపోతుంది.

తమ్ముడు: అసలు వీల్‌నే గుర్తించని గేమ్‌లు కూడా ఉన్నాయి కదా.

అక్క: ఉన్నాయి. 2020లో డర్ట్ 5 వచ్చినప్పుడు అందులో వీల్ సపోర్ట్ లేదు, మరుసటి ఏడాది అప్‌డేట్‌లో ఇచ్చారు. పీసీలో దీని వెనుక ఉన్న కథ ఇది. గేమ్‌కి కంట్రోలర్ సంగతులు చేరవేసే దారులు రెండు ప్రధానంగా ఉన్నాయి. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్, ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌తో వచ్చింది ఎక్స్‌ఇన్‌పుట్. వీల్స్ ఎక్కువగా డైరెక్ట్‌ఇన్‌పుట్‌లోనే మాట్లాడతాయి, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కూడా అందులోనే వస్తుంది. గేమ్ ఎక్స్‌ఇన్‌పుట్ ఒక్కటే వింటే, దాని దృష్టిలో నీ వీల్ అసలు లేదు.

తమ్ముడు: అప్పుడు వీల్‌ని గేమ్‌ప్యాడ్‌లా చూపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఎక్స్360సీఈ, స్టీమ్ ఇన్‌పుట్ లాంటివి.

అక్క: వాటితో ఆడొచ్చు, కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ రాదు, ప్యాడ్‌కి వచ్చే వైబ్రేషన్ మహా అయితే వస్తుంది. ఇందాక చెప్పిన వడపోత కూడా పూర్తిగా ఉంటుంది, ఎందుకంటే గేమ్ నీ చేతిలో స్టిక్ ఉందనే అనుకుంటోంది. స్టిక్ కోసం పెట్టిన డెడ్ జోన్ కూడా మధ్యలో అడ్డొస్తుంది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని రద్దు చేసే యాంటీ డెడ్ జోన్ ఉంటే వాడుకోండి. పాత గేమ్‌లలో ఇంకో చిక్కు ఉంది. యాక్సిలరేటర్, బ్రేక్ రెండూ ఒకే యాక్సిస్ మీద, అంటే ఒకే సంకేతంలో కలిసి ఉంటాయని అవి అనుకుంటాయి. రెండు పెడల్స్‌లో ఒకటే పనిచేస్తున్నట్టు ఉంటే, వీల్ సాఫ్ట్‌వేర్‌లో కంబైన్డ్ పెడల్స్ అన్న ఆప్షన్ ఉందేమో చూడండి.

తమ్ముడు: సెట్టింగ్స్ అయ్యాయి. ఇక నడపడం. నిజం కారు నడిపేవాళ్లకే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది అని నువ్వు ఎప్పుడూ అంటావు.

అక్క: నిజంగానే. వెనుక చక్రాలు జారితే స్టీరింగ్‌ను ఎదురు దిశకి తిప్పాలని వాళ్ల చేతులకి తెలుసు. చాలా ఆర్కేడ్ గేమ్‌లలో ఎదురు తిప్పగానే డ్రిఫ్ట్ ఆగిపోతుంది. వాటిలో పద్ధతి వేరు. రిడ్జ్ రేసర్‌నే తీసుకో. మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిప్పి, మళ్లీ తొక్కాలి. కారు జారడం మొదలయ్యాక మలుపు వైపే పట్టుకుని, కొంచెం ఎక్కువ తక్కువలతో దారి దిద్దుకోవాలి. మలుపు చివర కనిపించకముందే చేతులు వెనక్కి రావడం మొదలవ్వాలి. ప్యాడ్ అయితే వేలు వదిలేస్తే చాలు, వీల్‌కి ప్రయాణం ఉంటుంది కదా, ఆ సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

తమ్ముడు: నాకు ఇందులోనే మజా దొరికింది. ప్యాడ్ మీద మలుపు వచ్చాక స్పందిస్తాం. వీల్ పట్టుకుంటే రోడ్డును ముందే చదవాల్సి వస్తుంది.

అక్క: బాగా చెప్పావు. పెడల్ విషయంలో కూడా అంతే. ఈ గేమ్‌లలో చాలావరకు బ్రేక్ అంటే వేగం తగ్గించేది కాదు, డ్రిఫ్ట్‌కి మీట. ఒక్క తాకుడు చాలు. అందుకని గట్టి బ్రేక్ పెడల్ ఉన్నవాళ్లు, గేమ్‌లో బ్రేక్ సెన్సిటివిటీ ఉంటే సగం తొక్కగానే పూర్తి బ్రేక్ పడేలా పెట్టుకోవాలి.

తమ్ముడు: గేర్ లివర్ గురించి ఒక ముచ్చట చెప్పనా? 1999లో వచ్చిన క్రేజీ టాక్సీ క్యాబినెట్‌లో లివర్‌కి ముందుకీ వెనక్కీ రెండే స్థానాలు. రివర్స్ నుంచి డ్రైవ్‌కి వేస్తూ అదే క్షణంలో యాక్సిలరేటర్ తొక్కితే కారు ఒక్కసారిగా దూసుకెళ్లేది. వీల్ పక్కన షిఫ్టర్ ఉన్నవాళ్లు ఆ రెండు గేర్లను లివర్‌కి పెట్టుకుని ఆడాలి, చేతికీ కాలికీ మంచి పని.

అక్క: కెమెరా గురించి కూడా ఒక మాట. వెనుక నుంచి కారు మొత్తం కనిపించే కెమెరాలో కొన్ని గేమ్‌లు కారును ముందు తిప్పి, కెమెరాను తర్వాత తిప్పుతాయి. వీల్‌తో అది ఆలస్యంలా తెలుస్తుంది. కారు ముందు మూత మీద నుంచి రోడ్డును చూపించే బానెట్ కెమెరా పెట్టి చూడండి. ఔట్‌రన్ లాంటివి వెనుక కెమెరాతోనే, వీల్ కోసమే చేసినవి కాబట్టి వాటిని అలాగే వదిలేయండి. టీవీ మీద ఆడేవాళ్లు బొమ్మ ఆలస్యం తగ్గేలా టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకోవాలి.

తమ్ముడు: బిగింపు?

అక్క: సిమ్యులేటర్ కంటే ఇక్కడే ఎక్కువ గట్టిగా ఉండాలి. తక్కువ డిగ్రీలు పెట్టుకుని అటూ ఇటూ విసురుతాం కాబట్టి టేబుల్ ఊగిపోతుంది. క్లాంప్‌లు ప్రతిసారీ బిగించండి, పెడల్స్ వెనుక గోడ ఉండేలా చూసుకోండి, కింద చక్రాలున్న కుర్చీ అయితే అది జారకుండా ఆపండి. గేమ్‌లో ఉన్న ఇబ్బంది అనుకునేది ఒక్కోసారి జారిపోతున్న పెడల్ వల్లే ఉంటుంది.

తమ్ముడు: కొత్తగా కొనేవాళ్లు అడిగేది, డైరెక్ట్ డ్రైవ్, అంటే స్టీరింగ్‌ను నేరుగా మోటార్‌కే బిగించిన వీల్ తీసుకోవాలా అని.

అక్క: ఆర్కేడ్ ఒక్కదాని కోసమైతే అక్కర్లేదు. మోటార్ ఎంత సున్నితంగా ఉన్నా గేమ్ పంపేది ఒక కుదుపు, ఒక వణుకు అయినప్పుడు ఆ డబ్బుకి తగ్గ ఫలితం చేతికి రాదు. గేర్లతో నడిచే జీ29 లాంటిది చాలు, పాతదైనా ఫర్వాలేదు. కొనే ముందు మీరు ఎక్కువగా ఆడే 2, 3 గేమ్‌లలో మీ ప్లాట్‌ఫామ్ మీద ఆ వీల్ పనిచేస్తుందో లేదో చూసుకోండి. జీ29 ప్లేస్టేషన్‌కి, జీ920 ఎక్స్‌బాక్స్‌కి, పీసీలో రెండూ పనిచేస్తాయి. ఇప్పటికే డైరెక్ట్ డ్రైవ్ ఉన్నవాళ్లు మాత్రం ఆర్కేడ్ గేమ్ పెట్టే ముందు బలం బాగా తగ్గించుకోండి. గోడకి తగిలిన ప్రతిసారీ గేమ్ మోటార్‌ను పూర్తి బలంతో విసిరేయొచ్చు. బొటనవేళ్లు స్టీరింగ్ మధ్యలోని స్పోక్‌ల (కడ్డీల) లోపలికి పెట్టకుండా చుట్టూ ఉండే రిమ్ మీదే ఉంచండి.

తమ్ముడు: పిల్లలు పట్టుకున్నప్పుడైతే ఇంకా తగ్గించాలి.

అక్క: తప్పకుండా. వాళ్లు ఆడేటప్పుడు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఆపేసి, స్ప్రింగ్ ఒక్కటే ఉంచితే చాలు.

తమ్ముడు: సరే అక్కా. వచ్చేసారి హ్యాండ్‌బ్రేక్‌ల గురించి మాట్లాడదాం. అందరికీ నమస్కారం.