షట్ డౌన్ కొట్టినా ఆగని మినీ పీసీ: రివ్యూ

ముందే చెప్పేస్తా. ఈ మినీ పీసీ కంపెనీ వాళ్లే రివ్యూకని పంపించారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకు చూపించలేదు. చూపించుంటే ఇలా వచ్చేది కాదేమో. ప్రాసెసరు, ర్యామ్, పోర్టుల లెక్కలన్నీ మీరు ఇప్పటికే ఎక్కడో చూసుంటారు, స్క్రీన్ మీద వేస్తున్నా, పాజ్ చేసి చదువుకోండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు, బ్రౌజర్లో 20 ట్యాబులు, పక్కన ప్రింటింగు, దేనికీ ఇబ్బంది లేదు. చప్పుడు లేదు, వేడి లేదు.

నా పేచీ అంతా దీన్ని ఆపడం దగ్గరే.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. స్టార్ట్, పవర్, షట్ డౌన్. స్క్రీన్ నల్లబడింది, మానిటర్ ‘నో సిగ్నల్’ అనేసింది. ఆగిపోయిందనుకుంటాం కదా? ముందున్న ఈ నీలం లైటు చూడండి, వెలుగుతానే ఉంది. వెనక గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతా ఉంది. పది నిమిషాలు వదిలేసినా ఇదే వరస. పవర్ బటన్ 4 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే గానీ చావదు.

మన తిరుపతిలో ఇలాంటి డబ్బాలు ఎక్కువగా రెండు చోట్లకు పోతాయి. లాడ్జి రిసెప్షన్లో పెడితే ఈ జబ్బు ఎవరికీ తెలియనే తెలియదు, ఆ సిస్టం ఎప్పుడు ఆపారు గనక. గాంధీ రోడ్డులో దుకాణం కౌంటర్ మీద పెట్టారనుకోండి, రాత్రి షట్టర్ దించే తొందరలో స్క్రీన్ నల్లబడగానే బోర్డులో స్విచ్ ఆపేస్తారు. లోపల ఇంకా నడుస్తున్న మిషన్‌కి కరెంటు పీకేసినట్టు. రోజూ అదే జరిగితే ఏదో ఒక రోజు బిల్లింగ్ డేటా ఫైలు పాడవ్వొచ్చు.

‘ఫార్మాట్ కొట్టేయండి’ అనకండబ్బా. ముందు రెండు పరీక్షలు. ఒకటి, రీస్టార్ట్ కొట్టండి. ఇందులో నిక్షేపంగా అవుతోంది. రెండు, కీబోర్డులో షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చెయ్యండి. చూశారా, లైటు ఆరింది, ఫ్యాన్ గమ్మునైపోయింది. దొంగ దొరికాడు. ఫాస్ట్ స్టార్టప్.

సిస్టం త్వరగా ఆన్ కావడానికని ఇది 2012లో విండోస్ 8తో వచ్చింది. షట్ డౌన్ కొడితే మీ లాగిన్, ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ కెర్నెల్‌నీ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లనీ (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు) మూయదు, ఉన్నవాటిని ఉన్నట్టే హైబర్‌ఫిల్ అనే ఫైల్లో రాసుకుని పడుకుంటుంది. ఆ పడుకోబెట్టే సమయంలో ఏ డ్రైవరో మొండికేస్తే కరెంటు తెగదు. రీస్టార్ట్‌లోనూ, షిఫ్ట్ పట్టుకుని చేసే షట్ డౌన్‌లోనూ అన్నీ పూర్తిగా మూతపడతాయి కాబట్టి అవి ఒప్పుగా నడుస్తాయి. అనుమానముంటే మీ సిస్టంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, సీపీయూ కింద ‘అప్ టైమ్’ చూడండి. రోజూ రాత్రి ఆపేవాళ్లకు కూడా 6:14:22:08 లాంటి అంకె కనపడొచ్చు. మొదటిది రోజులు. ఆరు రోజులుగా విండోస్ అసలు మూతపడలేదన్నమాట.

తీసేయడం సులువే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమ పక్క ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’. కింద టిక్కులు మసకగా ఉంటాయి, క్లిక్ పడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ అని ఉంటుంది, అది నొక్కాక ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసి సేవ్ చెయ్యండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’ (powercfg /h off) కొట్టినా పోతుంది. కాకపోతే హైబర్నేట్, అంటే తెరిచిన పనినంతా డిస్కులో దాచి పడుకోవడం, అది కూడా పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ పని చెయ్యొద్దు, బ్యాటరీ అడుగంటినప్పుడు మీ పనిని కాపాడేది అదే. ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్కు) ఉన్న సిస్టంకి ఫాస్ట్ స్టార్టప్ మిగిల్చేది కొద్ది సెకన్లు. దాని కోసం ఇంత తలనొప్పా?

అయినా అది పైపూతే. అసలు మందు డివైస్ మేనేజర్లో, సిస్టం డివైసెస్ కింద ఉంది. మేనేజ్‌మెంట్ ఇంజిన్ (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే చిన్న కంట్రోలర్) డ్రైవరు తేదీ చూడండి, ఇందులో పాతది వేసి పంపారు. పీసీ తయారుచేసిన వాళ్ల సపోర్ట్ పేజీ నుంచి కొత్తది వేశాక, ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆన్ చేసినా బుద్ధిగా ఆగింది. ఈ పని ఫ్యాక్టరీలో చెయ్యాల్సింది.

ఇంకో చికాకు. కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అవుతుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే సెట్టింగుల్లో, ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ని ‘పవర్ ఆన్’లో పెట్టి పంపారు. ఎండాకాలం గాలివాన సాయంత్రం కరెంటు పోతా వస్తా ఉంటే విండోస్ సగం లేవడం, మళ్లీ పడడం. దాన్ని ‘పవర్ ఆఫ్’ చేసుకోండి. ఆపాక కూడా కీబోర్డు లైట్లు వెలుగుతుంటే అక్కడే ‘ఈఆర్‌పీ’ (ఆపాక కరెంటు వాడకం తగ్గించే సెట్టింగు) ఎనేబుల్ చెయ్యండి, కానీ నెట్‌వర్క్ నుంచి ఆన్ చేయడం, ఆపి ఉండగా యూఎస్‌బీలో ఫోన్ ఛార్జింగ్ పోతాయి. పాత టవర్ పీసీల్లో అయితే ఎస్‌ఎంపీఎస్ (లోపలి కరెంటు సప్లై డబ్బా) వెనకే ఒక స్విచ్ ఉండేది, టక్కున ఆపేసేవాళ్లం. అడాప్టర్‌తో నడిచే దీనికి అదీ లేదు.

మీ సిస్టంలో లక్షణం వేరేగా ఉంటే మందూ వేరే. ‘షట్టింగ్ డౌన్’ చక్రం తిరుగుతానే ఉంటే ఏదో సర్వీసు (తెర వెనక నడిచే ప్రోగ్రాము) వదలట్లేదు. స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని కొట్టి, సర్వీసెస్‌కి వెళ్లి, ముందు ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ టిక్ పెట్టాకే మిగతావి డిసేబుల్ చేసి చూడండి. ఆ టిక్ మర్చిపోతే విండోస్ సర్వీసులే ఆగిపోతాయి, జాగ్రత్త. ఆగి మళ్లీ దానంతట అదే లేస్తుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్’ (powercfg /lastwake) కొట్టండి, ఎవరు లేపారో ఒక్కోసారి పేరు చెప్తుంది, ఎక్కువగా నెట్‌వర్క్ కార్డే. విండోస్ జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్లో సిస్టం లాగ్ చూస్తే, ఈవెంట్ నంబరు 1074 అంటే ఎవరో అడిగి ఆపింది, 6008, 41 అంటే మూతపడకుండా కరెంటు పోయిందో, హ్యాంగ్ అయ్యిందో.

కొనాలా? లాడ్జి వాళ్లు కళ్లు మూసుకుని కొనండి. దుకాణం వాళ్లకైతే, అమ్మేవాడే ఆ డ్రైవరు వేసి, బయోస్ మార్చి, మీ ఎదురుగా మూడుసార్లు షట్ డౌన్ చేసి లైటు ఆరిందని చూపిస్తేనే. ఈ డబ్బాను వెనక్కి పంపేముందు నేను పాత డ్రైవరు, పాత సెట్టింగులే పెట్టి పంపుతున్నా. వాళ్లూ ఒకసారి షట్ డౌన్ కొట్టి చూసుకోవాలి కదా.