ఏ రేపు?

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో హన్మకొండ దాకా వచ్చిన పిల్లలకు నమస్కారం. వెబ్ పేజీలో వార్తల హెడ్‌లైన్లు వాటంతటవే మారే పట్టీ ఎలా కట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ మా కాక సంగతి చెప్పకుండా కోడు జోలికి పోవడానికి నాకు మనసొప్పదు.

మా కాకది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి వేస్తాడు. ఒక ఏడు కోతలయ్యాక, వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఉందో లేదో చూడమని కొడుకుతో ఫోన్లో వెతికించాడు. ఏదో వెబ్‌సైట్లో ఎర్ర అక్షరాల స్క్రోలింగ్ పోతున్నది: ‘రేపు మార్కెట్ యథావిధిగా నడుస్తుంది’. ఆ రాత్రే బస్తాలు డీసీఎంలో వేసుకొని బయల్దేరాడు. తీరా వస్తే గేటు మూసి ఉంది. వరుస సెలవులు. బండి కిరాయి పెరిగింది. రాత్రి చినుకులు పడితే టార్పాలిన్ దొరక్క అడుగు బస్తాలు తడిసి రంగు దిగాయి, ధర కోసేశారు. నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: ‘రేపు అని రాసిండ్రు గదరా, ఏ రేపు?’

ఆ పేజీ సోర్సు తెరిచి చూశాను. ఒక మార్క్యూ ట్యాగు, అంటే అక్షరాలను పక్కకు పరుగెత్తించే ఆదేశం, దాని మధ్య చేత్తో టైపు చేసిన వాక్యం. తారీఖు లేదు. ఎవరో ఎప్పుడో పెట్టారు, తీసేయడం ఎవరి పనీ కాదు. అది పగలూ రాత్రీ పరుగెడుతూనే ఉంది. పరుగెడుతోంది కాబట్టి తాజా కబురే అనుకున్నాడు మా కాక. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంట్లో వ్యవసాయం ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఎత్తినవాళ్లు ఈ మాట ఇంకొంచెం గట్టిగా వినండి.

మార్క్యూను వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఎప్పుడో పక్కన పెట్టింది. బ్రౌజర్లు ఇంకా నడిపిస్తున్నాయి కాబట్టి మనవాళ్లు వదలడం లేదు. దానంతటదే కదిలేది అయిదు సెకన్లు దాటితే చదివేవాళ్లు ఆపుకునే వీలుండాలని, వెబ్ పేజీలు అందరికీ అందేలా చూసే డబ్ల్యూసీఏజీ నియమం. కూడబలుక్కుని చదివే మనిషికి ఆ ఆపే బటన్ ఎంత అవసరమో ఆలోచించండి.

ఇక అసలు పని. వార్తలు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు నుంచి తీసుకోండి, అంటే వార్తా సైట్లు తమ హెడ్‌లైన్లను ప్రోగ్రాములు చదివేలా ఇచ్చే జాబితా నుంచి. 1999లో నెట్‌స్కేప్ మొదలుపెట్టిన పద్ధతి, 2.0 వచ్చింది 2002లో. మీ పేజీ నుంచి నేరుగా ఫెచ్ చేస్తే చాలాసార్లు కార్స్ ఎర్రర్ వస్తుంది. అవతలి సర్వర్ ఒప్పుకోనిదే బ్రౌజర్ ఆ జవాబును మీ కోడుకు ఇవ్వదు. అందుకని మీ సర్వరే పది నిమిషాలకోసారి ఫీడు తెచ్చుకొని, పేజీకి జేసన్ అనే డేటా రూపంలో ఇవ్వాలి. టైటిల్‌ను టెక్స్ట్‌కంటెంట్‌తోనే పెట్టండి, అది దేన్నైనా ఉత్త అక్షరాలుగానే చూపిస్తుంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడితే ఫీడులో ఎవరైనా దూర్చిన కోడు మీ పేజీలో నడవొచ్చు.

పబ్‌డేట్, అంటే వార్త వెలువడిన తేదీ, దగ్గర మాత్రం ఆగుతాను. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో అది తప్పనిసరి కాదు, కొన్ని ఫీడుల్లో అసలు ఉండదు. తేదీ లేని వార్తను చూపించకండి, అంతే. ఉన్నా చాలాసార్లు జీఎంటీలో, అంటే గ్రీన్‌విచ్ సమయంలో ఉంటుంది. అక్కడ రాత్రి 7 గంటలంటే మనకు అర్ధరాత్రి దాటి 12:30, తారీఖే మారిపోతుంది. మళ్లీ అదే ప్రశ్న: ఏ రేపు?

ఇంకోటి, తెలుగులో కట్టేవాళ్లకే ఎదురయ్యేది. పొడుగు హెడ్‌లైన్‌ను స్లైస్ అనే కమాండుతో ముక్కలు లెక్కపెట్టి కోసేస్తారు. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్ అక్షరాలను గుర్తించే పద్ధతి అయిన యూనికోడ్‌లో ఆరు ముక్కలు. మధ్యలో కోస్తే ‘స్త’ మిగులుతుంది. పట్టీ ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు సరిపెట్టి, ఆ ఎత్తు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి. మనం కూర్చున్న ఈ ఊరే ‘హనకొండ’ అయిపోతుంది. లైన్ హైట్ పెంచండి, వాక్యాన్ని రెండో వరుసకు పోనివ్వండి. నష్టమేం లేదు.

మధ్యాహ్నం ల్యాబులో మీ పట్టీలు చూస్తాను. నాకు చూపించే ముందు సర్వర్‌కు నెట్ వైరు పీకి, గంటసేపు వదిలేయండి. పాత హెడ్‌లైన్లు ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటే పని ఇంకా కాలేదు. ‘గంట నుంచి కొత్త వార్తలు అందలేదు’ అని పట్టీయే చెప్పాలి. అలా చెప్పే పట్టీ తయారైతే నన్ను పిలవండి, అదే మా కాక ఫోన్లో తెరిపించి చూపిస్తాను.